కాలు జారడం

"ఎక్కడైనా కాలు జారిందా?" అని అడిగారు మా అత్తగారు ఫోనులో.

2021లో, పదో వారంలో నా మొదటి గర్భం పోయిన మర్నాటి సంగతి అది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నన్ను బాధపెట్టాలని అడిగిందీ కాదు. తరతరాలుగా ఆడవాళ్ళ నోళ్ళలో నలిగి నలిగి ఆ సమయానికి దానంతటదే వచ్చేసే మాట అది. "లేదండీ" అన్నాను. అంటున్నప్పుడు నా గొంతు నాకే ముద్దాయి గొంతులా వినిపించింది.

తెలుగులో డాక్టరేట్ చేసినదాన్ని, మాట పట్టుకుంటే వదలలేను. మన భాషలో కాలు జారేది ఎప్పుడూ ఆడదే. మగవాడు దారి తప్పుతాడు, చెడు తిరుగుళ్ళు తిరుగుతాడు, కొన్నాళ్ళకి దారిలోకి వస్తాడు కూడా. ఆడది జారుతుంది, అంతే. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అనే సామెతలో మొదటి సగం మనకి వర్తించదు. 'జారిణి'కీ 'జారడా'నికీ వ్యుత్పత్తి వేరని ఎం.ఏ.లో చెప్పారు గాని, చిన్నప్పుడు నాకు ఆ రెండూ ఒకటే అనిపించేవి. ఇప్పటికీ పూర్తిగా వేరనిపించవు.

ఆ శీతాకాలంలో నేను డబ్బు కట్టి మరీ జారడం నేర్చుకున్నాను.

మేముండేది ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్‌లో. నా సహచరుడిది చిప్‌ల పరిశ్రమలో ఉద్యోగం. నేను వచ్చింది డిపెండెంట్ వీసా మీద. 'ఆధారితురాలు' అన్నమాట. స్త్రీల యాత్రారచనల మీద సిద్ధాంత గ్రంథం రాసిన మనిషి తన ఊరు దాటడానికి భర్త పాస్‌పోర్టులో కాగితం మీద ఆధారపడడం ఎంత హాస్యమో చెప్పక్కర్లేదు. 1870లలో ఇంగ్లండు వెళ్ళొచ్చిన పోతం జానకమ్మ గురించి, విద్యార్థినులతో కాశ్మీరం తిరిగొచ్చి 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి గురించి పేజీలకు పేజీలు రాశాను. నేను మాత్రం కిటికీలోంచి మౌంట్ హుడ్‌ను చూస్తూ కూర్చునేదాన్ని. మబ్బు లేని రోజున అది ఊరి చివర ఎవరో బోర్లించి పెట్టిన వెండిగిన్నెలా ఉంటుంది.

ఆడవాళ్ళకి ఆడవాళ్ళే స్కీయింగ్ నేర్పే ఒక చిన్న గుంపు గురించి గ్రంథాలయంలో పరిచయమైనావిడ చెప్పింది. ఆవిడే మా గుంపు పెద్ద. అరవై దాటిన రిటైర్డ్ నర్సు. మొదటి రోజున నేర్పింది పడడం. ఎటు పడాలి, పడ్డాక ఏ కాలు ముందు తీయాలి, ఎలా లేవాలి. ముప్పై నాలుగేళ్ళ జీవితంలో నాకు 'పడకుండా ఉండడం' నేర్పినవాళ్ళే గాని పడడం నేర్పినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం ఒంటినిండా కమిలిన మచ్చలతో ఇంటికొచ్చి, కారణం తెలియకుండా చాలాసేపు నవ్వాను.

లిఫ్టు కుర్చీలో కూర్చుని పైకి వెళ్ళి కిందికి జారడం ఒక పద్ధతి. లిఫ్టు లేని కొండని కాళ్ళతో ఎక్కి, వచ్చిన దారినో ఇంకో దారినో జారి దిగడం ఇంకో పద్ధతి. దాన్ని బ్యాక్‌కంట్రీ అంటారు. ఎక్కేటప్పుడు స్కీల అడుగున బొచ్చు పట్టీలు అతికిస్తారు. ఒకప్పుడు సీల్ తోలుతో చేసేవారు కాబట్టి వాటి పేరు ఇప్పటికీ స్కిన్స్. ఇప్పుడు అంగోరా మేక బొచ్చుతోనో నైలానుతోనో చేస్తున్నారు. పిల్లి వీపు నిమిరినట్టుగా ఒకవైపు నునుపు, రెండోవైపు ఎదురు. ముందుకు జరిపితే జరుగుతుంది, వెనక్కి జారదు. మడమ విడిగా లేస్తుంటుంది. పైకి చేరాక పట్టీలు పీకి, మడమ బిగించి, దిగడం. ఎక్కడానికి ఆరేడు గంటలైతే, దిగడానికి గంటా రెండు గంటలు.

ఇక్కడి పెద్ద కొండలన్నీ అగ్నిపర్వతాలే. హుడ్, ఆడమ్స్, రైనియర్, సెయింట్ హెలెన్స్. అగ్నిపర్వతం మీద జారడంలో ఒక చిక్కుంది. శంకువు ఆకారం కదా, శిఖరం దగ్గర అడుగు అటో ఇటో తేడా వస్తే, కింద మైళ్ళ తేడా వస్తుంది. మౌంట్ హుడ్ దక్షిణపు వాలు మీద ఇది ప్రాణాల మీదికి తెచ్చేంత నిజం. మంచుపొగ కమ్మినప్పుడు, వాలు ఎటు లాగితే అటు దిగడమే క్షేమం అనుకుంటారు. కానీ వాలు పడమటికి, జిగ్‌జాగ్ లోయ అంచుల్లోకి లాగుతుంది. లాడ్జి ఉన్నది దక్షిణాన. దిక్సూచి చూసుకుంటూ, ఒళ్ళు వద్దంటున్నా వాలుకి కొంచెం అడ్డంగా పోవాలి. సులువుగా ఉన్న దారి ఇంటి దారి కాకపోవచ్చని మా పెద్దావిడ దిక్సూచి నా చేతిలో పెట్టి చెప్పినప్పుడు, ఆవిడ చెబుతున్నది మంచు గురించే. నేను విన్నది మాత్రం ఇంకా చాలా వాటి గురించి.

2022 డిసెంబరులో రెండు ఆదివారాలు హుడ్ మీద శిక్షణకి వెళ్ళాను. పడ్డాను, లేచాను. జనవరి మొదట్లో తెలిసింది, అప్పటికే గర్భవతినని. మూడో వారంలో అదీ పోయింది.

ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. స్కీయింగ్ సంగతి అత్తగారికి చెప్పలేదు, తెనాలిలో ఉన్న మా అమ్మకీ చెప్పలేదు. అడగాల్సిన మాట నన్ను నేనే అడుక్కున్నాను, రోజుకి పదిసార్లు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా క్రోమోజోముల లోపం వల్లనేనని, తల్లి చేసిన పనికీ దానికీ సంబంధం ఉండదని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పింది. బుద్ధికి అర్థమైంది. అర్ధరాత్రి లేచి కూర్చునే మనిషికి అర్థం కాలేదు. స్త్రీవాద సిద్ధాంతమంతా చదివినదాన్ని, నా విషయంలో నేను మా అత్తగారి కంటే కఠినంగా ఉన్నాను.

ఆ ఏప్రిల్‌లో మా పెద్దావిడ ఫోను చేసింది. మదర్స్ డేకి సెయింట్ హెలెన్స్ వెళ్తున్నాం, గౌను తెచ్చుకో అంది.

ఈ గౌను కథ చెప్పాలి. సెయింట్ హెలెన్స్ 1980 మే 18 ఉదయం 8:32కి బద్దలైంది. ఉత్తరపు వైపు మొత్తం కొండచరియగా జారిపోయింది. నమోదైన చరిత్రలో అంత పెద్ద చరియ ఇంకోటి లేదు. 57 మంది చనిపోయారు. 9,677 అడుగుల కొండ 8,363 అడుగులైంది. ఏడేళ్ళ తర్వాత, 1987లో, ఎక్కడానికి మళ్ళీ అనుమతిచ్చారు. సియాటిల్‌లో స్త్రీల పర్వతారోహణ బృందాన్ని నిలబెట్టిన కాథీ ఫిబ్స్ ఆ ఏడాది మదర్స్ డే నాడు ఎర్రగౌను వేసుకుని స్నేహితురాళ్ళతో ఎక్కింది. అగ్నిబిలం అంచున వాళ్ళంతా వరసగా నిలబడి కాళ్ళు ఎగరేస్తూ కాన్‌కాన్ నాట్యం చేశారు. అప్పటి నుంచి ఏటా మే రెండో ఆదివారం ఆ కొండ ఎక్కేవాళ్ళు గౌన్లు వేసుకుంటారు. ఇప్పుడు మగవాళ్ళు కూడా పూలగౌన్లూ విగ్గులూ పెట్టుకుని వస్తారు. వాళ్ళకది తమాషా. గౌను వేసుకోవడమే నవ్వుకునే విషయం ఎందుకవుతుందో వాళ్ళలో ఎంతమంది ఆలోచిస్తారో నాకు అనుమానమే. కాథీ ఫిబ్స్ 1991లో డ్రాగన్‌టెయిల్ శిఖరం మీద, మరో స్త్రీతో కలిసి ఎక్కుతూ చనిపోయింది. అంచున ఫొటోలు దిగుతున్నవాళ్ళలో ఆ పేరు తెలిసినవాళ్ళు నాకు ఇద్దరే కనబడ్డారు.

బట్టల గొడవ అంతకంటే పాతది. 1890 ఆగస్టులో ఫే ఫుల్లర్ అనే ఇరవై ఏళ్ళ బడిపంతులమ్మ రైనియర్ శిఖరం చేరింది. ఆ కొండ ఎక్కినట్టు నమోదైన మొదటి స్త్రీ. మందపాటి ఫ్లానెల్ బ్లూమర్లూ, మగపిల్లల బూట్లూ వేసుకుంది. ఆ బట్టలు మర్యాదగా లేవని ఆక్షేపణ. చీలమండల దాకా కప్పే బట్టలే అవి! దాదాపు వందేళ్ళ తర్వాత ఇంకో స్త్రీ గౌను వేసుకుని ఎక్కి నవ్వడం వెనక ఈ చరిత్రంతా ఉంది. 'మీరు వద్దన్నవి వేసుకునీ ఎక్కాం, మీరు వేసుకోమన్నవి వేసుకునీ ఎక్కాం' అని.

కొండ పేరు చూడండి, అదీ ఓ తమాషాయే. హెలెన్ అనగానే ఆడమనిషి అనుకుంటాం. 1792లో వాంకూవర్ అనే నావికుడు ఆ పేరు పెట్టింది సెయింట్ హెలెన్స్ ప్రభువనే బిరుదున్న ఒక బ్రిటిష్ దౌత్యవేత్త గౌరవార్థం. కౌలిట్జ్ జనం దాన్ని లావెట్లాట్లా అంటారు, 'పొగ వదిలేది' అని. 2013లో ఆ పేరుతోనే, ఆదివాసుల సంప్రదాయ స్థలంగా జాతీయ పట్టికలో చేర్చారు. ఇంకో పేరు లూవిట్. ఆ కథలో లూవిట్ నదీ వారధి మీద నిప్పుని కాపాడిన ముసలమ్మ. నిప్పు అడిగిన జాతులన్నిటికీ ఇచ్చింది. అందుకు ప్రతిఫలంగా పడుచుదనం పొందింది. ఆ తర్వాత ఆమె కోసం ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకున్నారు, వారధి కూలింది, ముగ్గురూ కొండలయ్యారు. తెల్లవాళ్ళు రాసిపెట్టిన కథనాల్లో ఎక్కువ భాగం ఆ కొట్లాటే. ఇద్దరు మగవాళ్ళ తగువుకి కారణమైన అందగత్తెగా మిగిలిపోయింది, అందరి పొయ్యిలూ వెలిగించిన ముసలావిడ. మన ఇతిహాసాలు చదివినవాళ్ళకి ఇది కొత్త కాదు.

సరే, గౌను. నా దగ్గర గౌన్లు లేవు. అమ్మ ఇచ్చిన పాత వెంకటగిరి చీర ఒకటుంది, నెమలికంఠం రంగుది, మడతల దగ్గర చిరుగులు పట్టింది. దాన్ని పరికిణీగా కుట్టాను. సంచిలో పెట్టుకున్నాను గాని వేసుకోలేదు. మదర్స్ డే నాడు, పోగొట్టుకున్న నాలుగు నెలలకి, ఏ మొహంతో వేసుకోను అనిపించింది.

2023 మే 14. ఆ వారాంతంలో ఎండలు విపరీతం. వసంతకాలపు మంచులో ఒక లెక్క ఉంటుంది. రాత్రి గడ్డకట్టాలి, పగలు పైపొర మెల్లగా కరగాలి. అలా కొన్ని రోజులు కరిగి గడ్డకట్టిన మంచు రాళ్ళుప్పు గింజల్లా అవుతుంది. దాని మీద జారడం పాలమీగడ మీద వేలు రాసినట్టుంటుంది. ముందు దిగితే గాజుగడ్డ, ఆలస్యమైతే మోకాళ్ళ దాకా బురద. మధ్యలో దొరికేది గంటో రెండు గంటలో. ఆ రాత్రి మంచు గడ్డకట్టనే లేదు. మార్బుల్ మౌంటెన్ దగ్గర, 2,700 అడుగుల ఎత్తున, చీకట్లో బయల్దేరినప్పుడే బూటు దిగబడుతోంది. అడవి దాటి, చాక్లెట్ ఫాల్స్ దాటి, వార్మ్ ఫ్లోస్ అని పిలిచే పాత లావా పాయల పక్కన ఎక్కాం. ఎండ ఎక్కాక మంచు ఉండలు వాటంతటవే చక్రాల్లా దొర్లడం మొదలైంది. తడిసిన పొర జారడానికి సిద్ధంగా ఉందనడానికి గుర్తు అది. 6,500 అడుగుల దగ్గర మా పెద్దావిడ కర్ర గుచ్చి చూసి, వెనక్కి అంది. పక్కనుంచి జనం ఎక్కుతూనే ఉన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఇది కూడా పూర్తికాలేదు అన్నాను తెలుగులో. ఆవిడ అర్థం అడగలేదు. వెనక్కి తిరగడం కూడా దారిలో భాగమేనని, తాను ఈ కొండ మీద ఎక్కిన సార్ల కంటే తిరిగిన సార్లే ఎక్కువని చెప్పింది. కొండది గానీ, నీది గానీ తప్పేం లేదు, మంచు అలా ఉంది అంతే అంది. మంచు అలా ఉంది. డాక్టరు బొమ్మ గీసి చెప్పినా దిగని మాట, ఆ తడిమంచులో తొడదాకా దిగబడి నిలబడ్డప్పుడు కొంచెం దిగింది. ఆ రోజే కొండకి ఉత్తరాన సౌత్ కోల్డ్‌వాటర్ దగ్గర బురదచరియ విరిగిపడి జాన్‌స్టన్ రిడ్జికి వెళ్ళే రోడ్డు వంతెన కొట్టుకుపోయింది.

ఒక సంగతి దాచకూడదు. ఈ స్కీలూ, బూట్లూ, చరియల కింద చిక్కుకుంటే వెతకడానికి పెట్టుకునే ట్రాన్స్‌సీవరూ, అన్నీ కలిపితే హైదరాబాదులో నేను గెస్ట్ లెక్చరర్‌గా పనిచేసినప్పటి నెలల తరబడి జీతం. 2014లో నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది, సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి వెళ్ళి. ఆమె సాధన మొదలైంది భువనగిరి బండ మీద. ఆ కబురు పేపర్లో చూసి మా అమ్మ, "ఆ పిల్ల తల్లికి ఎంత ధైర్యం" అంది. పిల్లకి కాదు, తల్లికి. పూర్ణ ఎక్కడంతో నా ఎక్కడాన్ని పోల్చను. ఆమె వెనక ఒక జాతి ఆశ ఉంది. నా వెనక క్రెడిట్ కార్డు ఉంది.

2024 మే 12న మళ్ళీ వెళ్ళాం. ఈసారి మంచు బిగిసి ఉంది. పరికిణీ స్కీ ప్యాంటు మీద కట్టుకున్నాను. తల్లిని కాలేకపోయానన్న దుఃఖంలో, నాకో తల్లి ఉందన్న సంగతే మర్చిపోయానని ఆ ఏడాదిలో ఎప్పుడో తట్టింది. అసలు మదర్స్ డేని 1908లో మొదలుపెట్టిన ఆనా జార్విస్‌కి పిల్లల్లేరు. ఆమె తన తల్లి కోసం మొదలుపెట్టింది. తర్వాత అది గ్రీటింగ్ కార్డుల వ్యాపారమైపోతే దాని మీదే పోరాడింది.

చివరి వెయ్యి అడుగులూ స్కీలు వీపున కట్టుకుని, బూట్లకి ఇనుప పళ్ళు తగిలించి, మంచుగొడ్డలి గుచ్చుకుంటూ ఎక్కాను. వంద అడుగులు, ఆగడం. వంద అడుగులు, ఆగడం. పరికిణీ అంచు ఇనుప పళ్ళకి తగులుకుని రెండుసార్లు ముందుకి పడబోయాను. చీరకట్టుతో నూతి నుంచి బిందెలు మోసిన మా అమ్మా, నాయనమ్మా గుర్తొచ్చారు. కుచ్చెళ్ళు ఎగదోపినట్టు అంచు తీసి నడుముకి దోపాను.

పైన అంచు నిజానికి అంచు కాదు. గాలికి మంచు బిలం మీదికి చూరులా పెరిగి ఉంటుంది. నిలబడ్డది కొండ మీదనుకుంటాం, కింద ఏమీ ఉండదు. 2010లో అలా నిలబడ్డ ఒక మనిషితో పాటు చూరు విరిగి బిలంలోకి పోయింది, అతను బతకలేదు. మేం చాలా వెనకే ఆగాం. మా ముందు గులాబీ రంగు గౌనులో ఉన్న కుర్రాడు ఫొటో కోసం ముందుకు నడుస్తుంటే నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తర్వాత మా వాళ్ళు చెప్పారు. "జారతావ్!" అని, తెలుగులో. అతను ఆగాడు. చిన్నప్పటి నుంచి నా వెంటపడ్డ మాట, మొదటిసారి ఒక మగపిల్లవాడి మీద ఉపయోగించాను. పనికొచ్చింది కూడా.

కాస్త పక్కన, రాయి బయటపడ్డ చోట నుంచి లోపలికి చూశాం. లావా దిబ్బ మీద సన్నగా ఆవిరి. దాని చుట్టూ గుర్రపు నాడాలా హిమానీనదం. దాని కథ నాకిష్టం. పేలుడు అంతకు ముందున్న మంచునదుల్లో చాలా భాగాన్ని తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత బిలం గోడల నీడలో, పైనుంచి రాలిన మంచూ రాళ్ళూ పోగుపడి, ఇది కొత్తగా పుట్టింది. 2004లో కింద నుంచి కొత్త లావా పైకొచ్చి దాన్ని రెండుగా చీల్చింది. చీలిన రెండు పాయలూ దిబ్బ చుట్టూ పాకి, 2008లో అవతల మళ్ళీ కలిశాయి. రైనియర్ మీద మంచునదులు తరిగిపోతున్నాయి, స్టీవెన్స్ హిమానీనదాన్నైతే పట్టికలోంచే తీసేశారు. నిప్పు పక్కన ఉన్నది మాత్రం పెరుగుతూ వచ్చింది. దీన్నుంచి ఏదో అర్థం లాగాలని నాలోని సాహిత్య విద్యార్థిని ఉబలాటపడింది. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఊరుకుంది.

దిగడం గురించి చెప్పడం కష్టం. మొదటి మలుపు దగ్గర కాళ్ళు వణికాయి. ఒళ్ళు వెనక్కి వాలబోతుంది, భయానికి. వెనక్కి వాలితే స్కీలు చేతికి దక్కవు. లోయ వైపుకే ఛాతీ పెట్టి, ముందుకు ఒరగాలి. ఒరిగాను. పైపొర అప్పుడే మెత్తబడుతోంది, స్కీ కింద సన్నగా ఇసక చప్పుడు. ఎడమకి, కుడికి, ఎడమకి. పరికిణీ గాలికి టపటపా కొట్టుకుంటోంది. రెండుసార్లు పడ్డాను. రెండోసారి పడ్డప్పుడు లేవకుండా కాసేపు అలాగే పడుకున్నాను, ఆకాశం చూస్తూ. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి, తెనాలిలో సోమవారం పొద్దున, అమ్మకి ఫోను చేసి అంతా చెప్పాను. డిసెంబరు సంగతి కూడా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాలవాడితో ఏదో అని మళ్ళీ వచ్చింది.

"పైదాకా వెళ్ళావా?"

"వెళ్ళానమ్మా."

"పడ్డావా?"

"రెండుసార్లు."

"నీకంటే ముందు నాకొకటి పోయింది, తెలుసా అమ్మడూ. మూడో నెల. నూతి చప్టా మీద పాచి. బిందెతో జారాను. అసలు జారానో లేదో ఇప్పుడు నాకే గుర్తులేదు. మీ నాయనమ్మ జారావంది. నేనూ జారాననే అనుకున్నాను, ఇన్నేళ్ళూ."

నాకేం అనాలో తెలియలేదు. డాక్టరు చెప్పిన లెక్క అమ్మకి చెప్పాను. ఊఁ అంది. నమ్మిందో లేదో తెలియదు.

"ఇంతకీ ఏ చీర చింపావు?"

"వెంకటగిరిది. నెమలికంఠం రంగుది."

"అంచో?"

"అడుగున వచ్చేట్టు కుట్టాను."

"అది తడిస్తే రంగు దిగుతుందే," అంది అమ్మ. "చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టు. మళ్ళీ ఏడాదికి ఉండాలిగా."